'విశేషాలేం లేవు' అన్న నవలను జర్మన్‌లో సినిమా తీస్తే

మీరడిగినవి రెండు విషయాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ కుర్రాళ్ల గురించి జర్మన్ రచయిత రెమార్క్ రాసిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' నవల చదివి, ఆ వేడి మీదే నెట్‌ఫ్లిక్స్‌లో 2022 సినిమా చూస్తే సగం నవల కనబడలేదు, లేనివి మాత్రం బోలెడు కనబడ్డాయి, అలాంటప్పుడు బ్రిటన్ సినిమా అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు దానికి అనుసరణ రచన అవార్డు ఎలా ఇచ్చారన్నది మొదటిది. ఇంగ్లిష్‌లో తీసుంటే ఇంకా ఎక్కువమంది చూసేవారు కదా, పనిగట్టుకుని జర్మన్‌లో ఎందుకు తీసినట్టు అన్నది రెండోది. రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి సగం జవాబు అందులోనే ఉంది.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా కథా చర్చల్లో కూర్చున్నవాణ్ణి. నవలల్ని స్క్రీన్‌ప్లేలుగా మార్చడమే ఎక్కువగా చేసిన పని. వాటిలో తెర మీదికి వచ్చినవి తక్కువ, అడ్వాన్సు దగ్గర ఆగిపోయినవి ఎక్కువ. జర్మన్ ఈ నవల మూలంలో చదువుకునేంత వచ్చు, మాట్లాడేంత రాదు.

ఈ సినిమా కూడా మొదట ఇంగ్లిష్ స్క్రిప్టే. లెస్లీ పాటర్సన్ అనే స్కాట్లండ్ ఆవిడ, ఇయాన్ స్టోకెల్ కలిసి 2006లో నవల మీద ఆప్షన్ తీసుకున్నారు. ఆప్షన్ అంటే హక్కులు కొనేయడం కాదు, ఇల్లు కొనేముందు బయానా ఇచ్చినట్టు. గడువు దాటితే మళ్లీ కట్టాలి, లేకపోతే చేజారిపోతుంది. పాటర్సన్ ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్ పోటీల్లో ప్రపంచ చాంపియన్. ఆ బహుమతి డబ్బుతోనే ఏళ్ల తరబడి బయానా కట్టుకుంటూ వచ్చింది. ఒకసారి కోస్టారికాలో పోటీకి ముందురోజు భుజం విరిగితే, ఒంటిచేత్తో ఈది, పోటీ గెలిచి, ఆ డబ్బు తెచ్చి ఇందులో పెట్టింది. (నేను పనిచేసిన ఒక నిర్మాత ఒక పెద్ద రచయిత కుటుంబానికి శాలువా కప్పి, ఫొటో దిగి, హక్కుల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చూడలేదు.) పదహారేళ్లకు సినిమా వచ్చింది. మధ్యలో అది మాల్టే గ్రూనెర్ట్ అనే జర్మన్ నిర్మాత దగ్గరికి, దర్శకుడు ఎడ్వర్డ్ బెర్గర్ దగ్గరికి చేరింది. అప్పుడు భాష మారింది. బెర్గర్ స్క్రిప్టులో కూడా చెయ్యి పెట్టాడు, అందుకే రచయితలుగా ముగ్గురి పేర్లుంటాయి.

భాష మారితే డైలాగులు మారతాయి, అంతే కదా అనుకుంటాం. కానీ ఇక్కడ ఏ వైపు నుంచి చూస్తున్నామన్నది కూడా మారింది. అమెరికా వాళ్లో బ్రిటిష్ వాళ్లో యుద్ధ సినిమా తీస్తే, ఎంత యుద్ధవ్యతిరేక సినిమా అయినా, వెనకాల ఎక్కడో 'మనవాళ్లు' అన్న గర్వం మిగిలే ఉంటుంది. మన తాతలు పోరాడారు, మంచి వైపు ఉన్నారు, గెలిచారు అని. జర్మన్లకు ఆ వెసులుబాటు లేదు. తమ వారసత్వంలో ఉన్నది సిగ్గు, అపరాధ భావం, బాధ్యత అని బెర్గర్ ఇంటర్వ్యూల్లో పదే పదే చెప్పాడు. ఈ సినిమాలో కథానాయకుడు పాల్ బోయ్‌మర్ ఒక ఫ్రెంచ్ సైనికుణ్ణి చంపినప్పుడు మనకు ఈల వేయాలనిపించదు. జర్మన్ దర్శకుడు అలా ఈల వేయించే షాటు పెట్టడానికి జంకుతాడు. ఆ జంకే ఈ సినిమాకు బలం.

ఇక ఈ పుస్తకానికి సొంత ఊళ్లో ఏం జరిగిందో తెలిస్తే భాష సంగతి ఇంకా అర్థమవుతుంది. ఎరిక్ మరియా రెమార్క్‌ది ఓస్నాబ్రూక్. 18 ఏళ్లకు సైన్యంలోకి లాగారు, 1917 జూన్‌లో ఫ్రంట్‌కి పంపారు, జూలై 31న షెల్ ముక్కలు తగిలి ఆసుపత్రి పాలయ్యాడు. నవల 1928 నవంబరు 10 నుంచి బెర్లిన్ పత్రిక ఒకదానిలో సీరియల్‌గా వచ్చి, 1929 జనవరిలో పుస్తకమైంది. ఏడాదిన్నరలో ఇరవైకి పైగా భాషల్లో 25 లక్షల కాపీలు. 1930లో హాలీవుడ్ దాన్ని లూయిస్ మైల్‌స్టోన్ దర్శకత్వంలో ఇంగ్లిష్‌లో తీసింది, ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. ఆ సినిమా అదే డిసెంబరులో బెర్లిన్‌లో ఆడినప్పుడు నాజీ నాయకుడు గోబెల్స్ తన మనుషులతో హాల్లోకి వచ్చాడు. వాళ్లు దుర్వాసన బాంబులు వేశారు, తెల్ల ఎలుకల్ని వదిలారు. వారం తిరక్కుండా సినిమాను నిషేధించారు, అదీ నాజీలు అధికారంలోకి రాకముందే. 1933 మే 10న పుస్తకాన్ని మంటల్లో వేశారు. 1938లో రెమార్క్ పౌరసత్వం తీసేశారు. అతను అప్పటికే స్విట్జర్లండ్ చేరుకున్నాడు, కానీ జర్మనీలోనే ఉండిపోయిన చెల్లెలు ఎల్ఫ్రీడే షోల్జ్, యుద్ధం ఓడిపోయినట్టే అని ఎవరితోనో అన్నందుకు, 1943 డిసెంబరులో తల నరికించుకోవాల్సి వచ్చింది.

అలాంటి పుస్తకానికి జర్మన్‌లో సినిమా రావడానికి 2022 దాకా పట్టింది. 1930ది ఇంగ్లిష్, 1979లో వచ్చిన టీవీ సినిమా ఇంగ్లిష్. మూడోది మాత్రమే ఇంటి భాషలో వచ్చింది. మనకు దీనికి దగ్గరగా ఉన్నది 'మా భూమి'. తెలంగాణ రైతాంగ పోరాటం మీద కృషన్ చందర్ ఉర్దూలో నవల రాస్తే, దాన్ని గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు తెలుగులోకి, ఆ ఊళ్ల యాసలోకి తెచ్చారు. అదే సినిమా హిందీలో తీసి ఉంటే ఎలా ఉండేదో ఒక్క నిమిషం ఊహించుకోండి. రెండో ప్రశ్నకు అదే నా జవాబు.

డబ్బు కారణం కూడా ఉంది. పదేళ్ల క్రితం జర్మన్‌లో ఇంత ఖర్చుతో, అంటే సుమారు 2 కోట్ల డాలర్లతో, యుద్ధ సినిమాకు ఎవరూ పెట్టుబడి పెట్టేవారు కాదు. సబ్‌టైటిల్స్ చదవడం అలవాటైన నెట్‌ఫ్లిక్స్ ప్రేక్షకుల వల్ల అది కుదిరింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇక్కడ నేను సినిమాను పూర్తిగా వెనకేసుకు రాలేను.

నవలలో అసలు చిక్కు కథలో లేదు, సర్వనామంలో ఉంది. పాల్ కథ చెబుతూ చాలాచోట్ల 'నేను' అనకుండా 'విర్' అంటాడు. ఇంగ్లిష్‌లో అది 'వి'. ఈ రెండు భాషల్లోనూ ఆ మాటకు ఒకటే రూపం. తెలుగులో పెట్టాలంటే మాత్రం ఎంచుకోవాలి: 'మేము' అనాలా, 'మనం' అనాలా? సందేహం అక్కర్లేదు, అది 'మేము'. ఆకలేసిన మేము, పేలు కుక్కుకునే మేము, చచ్చిపోయినవాడి బూట్లు పంచుకునే మేము. అందులో ఇంట్లో ఉన్న నాన్న లేడు, బడిలో ఉపన్యాసం దంచి పిల్లల్ని సైన్యంలో చేర్పించిన కాంటోరెక్ మాస్టారు లేడు, చదువుతున్న మీరూ నేనూ లేము. ఆ గీత దాటలేకపోవడమే ఆ కుర్రాళ్ల విషాదం. చివరి రెండు చిన్న పేరాల్లో ఆ 'మేము' ఉన్నట్టుండి 'అతను' అయిపోతుంది. వర్తమానం భూతకాలమవుతుంది. ఇంకెవరో వచ్చి, అతను 1918 అక్టోబరులో పడిపోయాడు, ఆ రోజు ఫ్రంట్ అంతా ఎంత ప్రశాంతంగా ఉందంటే సైన్యం నివేదికలో ఒక్క వాక్యమే రాశారు అని చెబుతారు. ఆ వాక్యమే నవల పేరు.

కెమెరాకు 'మేము' రాదు. అది ఎవరి మీద పెట్టినా 'అతను'గానే చూస్తుంది. నవలలో చివరి పేజీ దాకా దాచిపెట్టుకున్న దెబ్బ సినిమాలో మొదటి షాటులోనే అయిపోయినట్టు. అందుకని ఈ నవలను తీసే ఎవరైనా దానికి బదులు ఇంకేదో వెతుక్కోవాల్సిందే. మైల్‌స్టోన్ కూడా వెతుక్కున్నాడు. ట్రెంచ్ అంచున సీతాకోకచిలుక కోసం చెయ్యి చాపి పాల్ చనిపోవడం నవలలో లేదు. (ఆ చెయ్యి నటుడిది కాదు, దర్శకుడిదే.) సెలవులో వచ్చిన పాల్ తన పాత తరగతి గదిలో నిలబడి యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడటం కూడా లేదు. నవలలో పాల్ అలా మాట్లాడగలిగితే అసలు గొడవే లేదు కదా! అయినా 90 ఏళ్లుగా జనం ఆ సినిమాను 'నవలకు కట్టుబడిన' సినిమా అంటారు. కొత్త సినిమాకు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వరు.

బెర్గర్ బృందం వెతుక్కున్న వాటిలో ఒకటి మాత్రం అద్భుతం. అది సినిమా మొదటి పది నిమిషాలు. హైన్‌రిష్ అనే కుర్రాడు దాడిలో చనిపోతాడు. అతని యూనిఫాం ఊడదీస్తారు, మూటగట్టి వెనక్కి పంపుతారు, నెత్తురు నీళ్లలో ఉతుకుతారు, వరసగా కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు తూటాల చిల్లులు కుడతారు. ఆ మిషన్ల చప్పుడు మెషిన్‌గన్ చప్పుడులా వినిపిస్తుంది. అదే కోటు పాల్ చేతికి వస్తుంది. కాలర్ దగ్గర ఎవరిదో పేరుందండీ అంటే, ఆ ఉద్యోగి సైజు సరిపోక తిరిగిచ్చి ఉంటారులే అని పేరున్న గుడ్డముక్క పీకి కింద పడేస్తాడు. ఈ సన్నివేశం నవలలో లేదు. ఉన్నది పాల్ స్నేహితుడు కెమెరిష్ బూట్లు. అవి కెమెరిష్ నుంచి మ్యూలర్‌కి, మ్యూలర్ నుంచి పాల్‌కి వస్తాయి. నా తర్వాత నువ్వు తీసుకో అని పాల్ టియాడెన్‌కి మాటిస్తాడు. ఆ బూట్ల ప్రయాణం 1930లోనే తెర మీద చూపించేశారు, మళ్లీ చేస్తే అనుకరణ అవుతుంది. అందుకే బూట్ల వెనకున్న ఆలోచనను తీసుకుని, స్నేహితుల మధ్య నడిచే వస్తువును ఫ్యాక్టరీ పనిగా మార్చారు. నా దగ్గర చేరే కొత్త కుర్రాళ్లకు అనుసరణ అంటే ఏమిటో చెప్పాల్సివస్తే ఈ పది నిమిషాలే వేసి చూపిస్తాను. వస్తువు మారింది, చెప్పిన మాట మారలేదు.

పోయినవాటిలో పెద్దది ఏడో అధ్యాయం, సెలవు. మీ ఫిర్యాదు కూడా దాని గురించే. పాల్ ఇంటికి వెళ్తాడు. అమ్మ జబ్బుతో మంచంలో ఉంది, అక్కడ చాలా కష్టంగా ఉందా అని అడుగుతుంది, లేదమ్మా అంటాడు. నాన్నకు యుద్ధం కబుర్లు కావాలి. ఊరి పెద్దలు కూర్చుని ఫ్రంట్‌ని ఎక్కడ చీల్చుకుపోవాలో ఇతనికే నేర్పిస్తారు. తన గదిలో పుస్తకాల ముందు నిలబడి ఏదో ఒకటి నాతో మాట్లాడితే బాగుండు అనుకుంటాడు, ఏదీ మాట్లాడదు. కెమెరిష్ తల్లి దగ్గరకెళ్లి మీ అబ్బాయి బాధపడకుండా వెంటనే పోయాడని అబద్ధం చెబుతాడు. నేను చెప్పిన 'మేము' అనే గీత ఎక్కడుందో కంటికి కనిపించేది ఈ అధ్యాయంలోనే. సినిమాలో ఇల్లే లేదు. బడి గేటు దాటాక మళ్లీ వెనక్కి చూడరు.

ఎందుకు తీసేశారంటే, స్క్రీన్‌ప్లే లెక్కలో జవాబు సులువు. నవల పూసల దండలా ఉంటుంది, ఒక పూస తీసినా దండ ఉంటుంది. రెండున్నర గంటల సినిమాకు మాత్రం గడియారం కావాలి. నవలలో గడియారం లేదు. వాళ్లు తెచ్చి పెట్టిన గడియారం, జర్మనీ తరఫున సంధి చర్చలకు వెళ్లిన మత్తియాస్ ఎర్జ్‌బెర్గర్. 1917 నుంచి ఒక్క దూకులో పద్దెనిమిది నెలలు దాటేసి, కథను యుద్ధం చివరి రోజుల్లో పెట్టి, ఒకవైపు రైలు పెట్టెలో సంధి చర్చలు, ఇంకోవైపు బురదలో పాల్. 1918 నవంబరు 11 ఉదయం పదకొండింటికి కాల్పులు ఆగుతాయని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. దీనివల్ల టెన్షన్ వచ్చింది. ఆ గడియారం నడుస్తుంటే మధ్యలో పదిహేడు రోజుల సెలవుకు చోటెక్కడ?

కానీ ఎర్జ్‌బెర్గర్‌ని గడియారంగా మాత్రమే చూస్తే అన్యాయం. ఆ ఆలోచన జర్మన్ బుర్రకే వస్తుంది. అతను సైనికుడు కాదు, రాజకీయ నాయకుడు. ఫ్రాన్స్‌లో కాంపియేన్ అడవిలో, మిత్రపక్షాల సేనాధిపతి మార్షల్ ఫోష్ రైలు పెట్టెలో సంతకం పెట్టింది అతను. ఓడిపోయింది సైన్యం, సంతకం పెట్టింది సివిలియన్. ఆ తర్వాత జనరల్స్ ఏమన్నారు? మేం యుద్ధంలో ఓడిపోలేదు, ఈ రాజకీయ నాయకులే వెన్నుపోటు పొడిచారు అన్నారు. వెన్నుపోటు అన్న మాట తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 1921 ఆగస్టు 26న అతివాద జాతీయవాదులు ఎర్జ్‌బెర్గర్‌ని కాల్చి చంపారు. నాజీలు ఎదిగింది ఆ వెన్నుపోటు కథ మీదే. జర్మన్ ప్రేక్షకుడికి ఎర్జ్‌బెర్గర్‌గా వేసిన డానియల్ బ్రూల్ సంతకం పెడుతున్నప్పుడు తర్వాత వచ్చే పాతికేళ్లూ కళ్ల ముందు తిరుగుతాయి. 1928లో రాసిన రెమార్క్‌కి అందులో కొంతే తెలుసు. ఆ మిగతాది నవలలో చేర్చే ప్రయత్నం ఇది. సినిమాలో పాల్ చనిపోయేది కూడా వెనక నుంచి పొడిచిన బాయొనెట్‌తోనే, అంటే తుపాకీ కొనకు బిగించే కత్తితోనే. కావాలనే అలా పెట్టారో, కాకతాళీయమో.

అయితే దీనికి చెల్లించిన ధర పెద్దదే. ఎర్జ్‌బెర్గర్ వచ్చాడు కాబట్టి అతనికి ఎదురుగా జనరల్ ఫ్రీడ్‌రిష్ రావాల్సి వచ్చింది. ఇది పూర్తిగా కల్పిత పాత్ర. బంగళాలో మంచి భోజనం చేస్తూ, సంధి అమల్లోకి వచ్చే ముందు నిమిషాల్లో పరువు కోసం దాడికి పంపిస్తాడు. ఇక్కడ చరిత్రకారులు గట్టిగానే పట్టుకున్నారు. ఆ రోజు ఉదయం చివరి క్షణం దాకా ముందుకు తోసుకొచ్చింది ఎక్కువగా మిత్రపక్షాల సైన్యాలే, ముఖ్యంగా అమెరికన్లు. చివరి మృతుల్లో ఒకడైన అమెరికన్ సైనికుడు హెన్రీ గుంథర్ 10:59కి పడిపోయాడు, అతనిదీ జర్మన్ మూలాలున్న కుటుంబమే. ఆ ఒక్క రోజే అన్ని సైన్యాలూ కలిపి 2,700 మందికి పైగా పోయారని లెక్క. చివరి నిమిషం చావులు నిజమే, జర్మన్ జనరల్ ఆఖరి దాడి మాత్రం నమ్మశక్యం కాదు.

చరిత్ర తప్పు కంటే నాకు ఎక్కువ గుచ్చుకున్నది వేరే ఉంది. నవలలో విలన్ లేడు. కైజర్ చక్రవర్తి స్వయంగా తనిఖీకి వస్తే, ఓస్ ఇంతేనా, ఇంకా పొడుగ్గా ఉంటాడనుకున్నామే అనుకుంటారు కుర్రాళ్లు. తర్వాత కూర్చుని, అసలు ఈ యుద్ధం ఎవరికి కావాలి అని వాదించుకుంటారు, ఏదీ తేలదు. తేలకపోవడమే ఆ నవల. సినిమాలో ఫ్రీడ్‌రిష్ వచ్చాక తేలిపోతుంది: వాడిదే తప్పు. అంత తేలిగ్గా తేలితే ప్రేక్షకుడు హాయిగా ఇంటికి పోతాడు.

ఇక నవల పేరు. ఇంగ్లిష్‌లో 'ఆల్ క్వైట్' అంటే అంతా నిశ్శబ్దం. జర్మన్‌లో 'ఇమ్ వెస్టెన్ నిష్ట్స్ నోయెస్', పడమట కొత్తేమీ లేదు. తెలుగులో మనం ఫోన్‌లో రోజూ అనే మాట అది: ఏంటి విశేషాలు, ఏం లేవండీ. పాల్ చనిపోయిన రోజు 'విశేషాలేం లేవు' అని రాశారు. ఎందుకంటే ఒక కుర్రాడు పోవడం వాళ్లకు విశేషం కాదు. నవల అంతా ఈ ఒక్క చేదు మీద నిలబడింది. బెర్గర్ పాల్‌ని అక్టోబరులో ఏదో ఒక మామూలు రోజు నుంచి తీసి, నవంబరు 11న, పదకొండు కొట్టబోతుండగా చంపాడు. ప్రపంచ చరిత్రలో ఇంతకంటే విశేషమైన రోజు ఏముంటుంది? చివర్లో తెర మీద అక్షరాలు పడతాయి, ఇన్ని లక్షలమంది పోయినా ఫ్రంట్ గీత పెద్దగా కదలనేలేదని. నవల పేరుకు అర్థాన్ని అక్కడికి మార్చారన్నమాట. తెలివైన మార్పే, ఒప్పుకుంటాను. కానీ గీత కదలకపోవడం సైన్యం లెక్క. నవల చెప్పింది ఒక మనిషి లెక్క.

అవార్డు సంగతి ఒక్క మాటలో: అనుసరణ అవార్డు ఎంత ఉంచారన్నదానికి ఇవ్వరు, తీసుకున్నదాన్ని సినిమాగా ఎంత బాగా కట్టారన్నదానికి ఇస్తారు. బాఫ్టా వాళ్లు ఉత్తమ చిత్రంతో కలిపి మొత్తం 7 ఇచ్చారు. ఆస్కార్ వాళ్లు అనుసరణకు నామినేషన్ మాత్రం ఇచ్చి, అవార్డు వేరే సినిమాకు ఇచ్చారు. అంటే మీ అనుమానం మీ ఒక్కరిదే కాదు.

ఆ ఆస్కార్ వేడుకప్పుడు మన ఇళ్లలో అందరం 'నాటు నాటు' కోసం టీవీల ముందు కూర్చున్నాం. ఉత్తమ పాట మనకొచ్చిన ఆ వేడుకలోనే ఉత్తమ నేపథ్య సంగీతం ఈ సినిమాకు వచ్చింది, ఫోల్కర్ బెర్టెల్‌మాన్‌కి. సినిమా అంతా భయపెట్టే ఆ మూడు స్వరాలు ఏ సింథసైజర్‌వో అనుకున్నాను. అది వాళ్ల ముత్తవ్వ వాయించిన పాత హార్మోనియం, బాగు చేయించి వాయించాడట. మనకు హార్మోనియం అంటే పద్యనాటకం, రాగం తీసే కృష్ణుడు. అదే వాద్యంతో యుద్ధ యంత్రం మూలిగినట్టు వినిపించాడు.

చివరిగా ఒకటి. మీరు డైలాగుల గురించి రాసినది చూస్తే, మీరు ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూసినట్టున్నారు. నెట్‌ఫ్లిక్స్ చాలామందికి దాన్నే ముందు పెడుతుంది. ఆడియోలో జర్మన్ పెట్టి, సబ్‌టైటిల్స్ ఆన్ చేసి, పాల్ ఒక ఫ్రెంచ్ సైనికుణ్ణి కత్తితో పొడిచి, అదే గుంటలో అతని పక్కన ఇరుక్కుపోయే ఘట్టం మళ్లీ చూడండి. 1930లో ఆ ఫ్రెంచ్ సైనికుడిగా వేసిన రేమండ్ గ్రిఫిత్‌కి నిజంగానే గొంతు పోయింది, అందుకే ఒక్క మాటా లేకుండా చనిపోతాడు. కొత్త సినిమాలో అతని గొంతులోంచి వచ్చే చప్పుడు ఏ భాషా కాదు. దాని పక్కన పాల్ జర్మన్ వినాలి. డబ్బింగ్‌లో అక్కడ ఇద్దరు నటులు కనిపిస్తారు, మూలంలో ఇద్దరు మనుషులు. అది చూశాక ఏడో అధ్యాయంలో పాల్ కెమెరిష్ తల్లి దగ్గరికి వెళ్లే పేజీలు తీయండి. సినిమాలో ఆ పేజీలు ఎక్కడ పెట్టేవారో మీకేమైనా తోస్తే ఇక్కడే రాయండి. నేను చాలాసార్లు ప్రయత్నించాను, ఆ గడియారం ఆపకుండా పెట్టడం నాకు కుదరలేదు.